కుక్క మందు మింగనంటోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మందు రాసివ్వడం వరకే డాక్టర్ పని. దాన్ని రోజుకు రెండు పూటలా కుక్క గొంతు దిగేలా చూడటం ఇంట్లోవాళ్ల వంతు. చీజ్ మొత్తం తినేసి మాత్రను మాత్రం నేలమీద వదిలేసే కుక్కలుంటాయి, మందు స్ట్రిప్ చప్పుడు వినగానే మంచం కిందకి దూరేవీ ఉంటాయి. ఇలాంటి వాటితో రోజూ తంటాలు పడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. వీటిలోకి వెళ్లేముందు ఒక్క మాట. చాలా కుక్కలకు అసలు పేచీ మాత్రతో కాదు, మనం వెంటపడి పట్టుకుని నోరు తెరిచే పద్ధతితోనే. కింద చెప్పేవాటిలో చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎంత బాగా దాచినా మాత్ర ఉందని ఎలా కనిపెడుతోంది?

వాసనతో. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షల దాకా ఉంటే, కుక్కకు జాతిని బట్టి 30 కోట్ల వరకూ ఉంటాయని చెబుతారు. రుచిలో మాత్రం అది మనకంటే వెనకే: మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 అయితే దానికి 1,700 చిల్లర. అయినా చేదు తెలియకుండా పోదు. మెట్రోనిడజోల్, ట్రమడాల్, ప్రెడ్నిసోలోన్ లాంటి మందులు నాలుక మీద కరగడం మొదలైతే నురగ కక్కేంత చేదు. ఒక్కసారి ఆ చేదు తగిలిందంటే మర్నాడు అదే చీజ్ ముక్కను కూడా అనుమానంగా చూస్తుంది.

చాలామంది గమనించని విషయం ఇంకోటి ఉంది. మాత్రను తీసిన వేళ్లతోనే తిండి ఉండ చుడతాం కదా, ఆ పొడి, ఆ వాసన ఉండ బయటంతా అంటుకుంటుంది, ఇక లోపల దాచీ లాభం లేదు. మాత్రను ఒక చేత్తో పట్టుకుని లోపల పెట్టండి, ఉండను రెండో చేత్తో మూసేయండి. ఇంత చిన్న మార్పుతోనే దారికొచ్చే కుక్కలున్నాయి.

దేనిలో చుట్టి ఇస్తే బాగుంటుంది?

మెత్తగా ఉండాలి, కాస్త జిగురుండాలి, వాసన గట్టిగా రావాలి, రోజూ దొరికే తిండి కాకూడదు. చీజ్, ఉడికించిన చికెన్ ముక్క, పీనట్ బటర్, ఉడికిన చిలగడదుంప ముద్ద, తడి డాగ్ ఫుడ్ ఉండ, ఏదైనా సరే. మాత్ర పట్టేలా లోపల గుంట ఉండే ట్రీట్లు కూడా విడిగా అమ్ముతారు. ఉండ మాత్రం చిన్నదిగా చేయండి. పెద్దదైతే నములుతుంది, నమిలితే మాత్ర దొరికిపోతుంది. నమలకుండా గుటుక్కున మింగే సైజు ఉంటే చాలు. కాస్త గోరువెచ్చగా చేస్తే తిండి వాసన ఇంకా పెరిగి మందు వాసన వెనక్కి పోతుంది.

పీనట్ బటర్ కొనేటప్పుడు డబ్బా వెనక రాసింది చదవకుండా ఇవ్వకండి. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిందైతే కుక్కకు విషమే, రక్తంలో చక్కెర గంటలోపే ప్రమాదకరంగా పడిపోవచ్చు, కాలేయం దెబ్బతినొచ్చు. దీన్నే కొన్ని డబ్బాల మీద బర్చ్ షుగర్ అని కూడా రాస్తారు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కలిసినవేవీ వద్దు.

కుక్కకు ఉన్న జబ్బును బట్టి కూడా చూసుకోవాలి. ప్యాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) వచ్చిన కుక్కకు చీజ్, పీనట్ బటర్ లాంటి కొవ్వు పెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు, ఫాస్ఫరస్ ఎక్కువున్నవి వద్దు. ఎలర్జీ ఏ తిండి వల్లో తేల్చడానికి డాక్టర్ పెట్టిన పథ్యంలో ఉంటే బయటి ముక్క ఒక్కటి పడినా వారాల శ్రమ వృథా, అప్పుడు ఆ పథ్యం తిండితోనే ఉండ చేయాలి. ఫ్లేవర్ కలిపిన మాత్రల్లోనూ మాంసం ప్రొటీన్ ఉండొచ్చు కాబట్టి అది కూడా అడగండి.

ఉండ నోట్లో పెట్టుకుని, తిండి మింగి, మాత్ర ఉమ్మేస్తోంది. ఏం చేయాలి?

ఒక్క ఉండతో పని కాదు, మూడు నాలుగు చేసి వరసలో పెట్టుకోండి. మొదటిది ఖాళీది, రెండోది కూడా ఖాళీదే అయితే ఇంకా మంచిది, ఆ తర్వాత మాత్ర ఉన్నది, దాని వెనకే మరో ఖాళీది. కిటుకంతా వేగంలో ఉంది. మాత్ర ఉన్న ఉండ నోట్లో పడేసరికే తర్వాతది మీ చేతిలో దాని ముక్కుకు ఎదురుగా కనిపిస్తూ ఉండాలి. అది అందుకోవాలనే తొందరలో ఉన్నదాన్ని మింగేస్తుంది. దీనికి ఓపిక పెద్దగా అక్కర్లేదు, ముందే అన్నీ సిద్ధం చేసుకుంటే చాలు. మాత్రను కుక్క ఎదురుగా స్ట్రిప్ చించి తీయకండి, వేరే గదిలో తీసి పెట్టుకోండి.

కూర్చోబెట్టి ఇస్తే తీక్షణంగా పరిశీలించే కుక్కలు కొన్ని ఉంటాయి. అలాంటివాటికి నడకకు బయల్దేరేముందో, బంతి ఆట మధ్యలోనో, మనసు ఇంకోదాని మీద ఉన్నప్పుడు ఇచ్చి చూడండి. గాల్లోకి విసిరితే పట్టుకునే అలవాటున్నవాటికైతే ఇంకా సులువు, పట్టిన ఊపులోనే మింగేస్తాయి.

మొత్తం భోజనంలో కలిపేస్తే సరిపోదా?

నేనైతే వద్దంటాను. గిన్నెలో సగం తిని వదిలేస్తే మందు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు. దానికంటే పెద్ద చిక్కేమిటంటే, ఒంట్లో బాగాలేని కుక్క, అప్పటికే వికారంతో ఉన్న కుక్క, తన గిన్నెలో చేదు తగిలితే ఆ తిండినే అసహ్యించుకోవడం మొదలెడుతుంది. అప్పుడు మందూ పోయె, తిండీ పోయె. భోజనం గిన్నెను దానికి భయం లేని చోటుగానే ఉండనివ్వండి, మందు విషయం ఏదైనా దానికి అవతలే జరగాలి. మందు తిండితో పాటే పడాలని డాక్టర్ చెప్పినా ముందు నాలుగు ముద్దలు తిననిచ్చి, విడిగా ఉండలో ఇచ్చి, మిగతాది పెట్టొచ్చు.

పొడి చేసి కలపొచ్చా? క్యాప్సూల్ తెరవొచ్చా?

డాక్టర్‌ని అడక్కుండా వద్దు. పేగుల్లోకి వెళ్లాకే కరగాలని పైపూత వేసినవి, గంటల తరబడి మెల్లగా పనిచేసేలా తయారుచేసినవి పొడి చేస్తే మందు పని చెడుతుంది, లేదా మొత్తం డోసు ఒక్కసారే వంట్లోకి పోతుంది. ఎసిడిటీకి ఇచ్చే ఒమెప్రజోల్ క్యాప్సూల్‌లోని చిన్న గింజలు కూడా నలపకూడనివే. క్యాన్సర్ మందులైతే పొడి గాల్లోకి లేచి మీ ఒంట్లోకే వెళ్లే ప్రమాదం ఉంది, వాటిని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, గర్భిణులు అసలు దగ్గరికి వెళ్లకూడదు.

పొడి చేయొచ్చన్న మందు విషయంలోనూ చేదు సంగతి గుర్తుంచుకోండి. గట్టి మాత్రలో ఆ చేదు లోపలే ఉంటుంది, పొడి చేస్తే మొత్తం ముద్దకు పట్టేస్తుంది. ఇంతకంటే మంచి ఉపాయం ఖాళీ జెలటిన్ క్యాప్సూల్. చేదు మాత్ర ముక్కలు, ఒకటికి మించి ఉన్న చిన్న మాత్రలు అందులో వేసి మూస్తే నాలుకకు రుచే తగలదు. అవన్నీ ఒకేసారి ఇవ్వొచ్చో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి. తడి లేని క్యాప్సూల్ గొంతులో అతుక్కుంటుంది కాబట్టి దాన్ని ఉండలో పెట్టి, వెనకే నీళ్లు తాగించాలి.

మాత్రను సగం చేయాల్సి వస్తే, మధ్యలో గీత ఉన్నదాన్నే పిల్ కట్టర్‌తో విరవండి.

ఏ మందు తిండితో, ఏది ఖాళీ కడుపుతో?

ఇది తెలియకుండా పైన చెప్పిన ఉపాయాలేవీ మొదలుపెట్టకూడదు. మందు రాసేటప్పుడే డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: తిండితోనా, పాల పదార్థాలతో ఇవ్వొచ్చా, విరవొచ్చా.

కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు తిండితో ఇస్తేనే కడుపుకు మంచిది. గుండెకు ఇచ్చే పిమోబెండాన్ భోజనానికి ఒక గంట ముందు ఇస్తారు. కడుపులో పుండ్లకు ఇచ్చే సుక్రాల్ఫేట్ ఖాళీ కడుపుతో, మిగతా మందులకు రెండు గంటలు ఎడంగా, నీళ్లలో కరిగించి పట్టించడం మేలు. థైరాయిడ్ మాత్రకు తిండి అడ్డు తగులుతుంది, అందుకని ఒకరోజు తిండితో, ఒకరోజు తిండి లేకుండా ఇవ్వకుండా రోజూ ఒకేలా ఇవ్వాలి. డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను చీజ్, పెరుగు, పాలతో ఇస్తే వాటిలోని కాల్షియం మందును పట్టేసుకుని రక్తంలోకి పోయేది తగ్గిస్తుంది. డాక్సీసైక్లిన్ గొంతులో ఆగిపోతే అన్నవాహికను కాలుస్తుంది కూడా, దాని వెనక నీళ్లో తిండో తప్పనిసరిగా వెళ్లాలి.

ఖాళీ కడుపుతో అన్నారంటే చిన్న ముక్క కూడా పెట్టకూడదా అన్నది చాలామంది సందేహం. మందును బట్టి ఉంటుంది, చాలాసార్లు ఒక చిన్న ఉండకు డాక్టర్లు ఒప్పుకుంటారు. అడిగితే పోయేదేముంది.

ఏ ఉండా పనిచేయట్లేదు. చేత్తోనే నోట్లో వేయాలంటే ఎలా?

ముందు మీరు స్థిమితంగా ఉండాలి. మీ టెన్షన్ దానికి తెలిసిపోతుంది, ఇంట్లో నలుగురూ చుట్టూ చేరి పట్టుకుంటే ఇంకా బెదురుతుంది. గోడ మూలో, సోఫా పక్కో, వెనక్కి జారిపోలేని చోటు చూసుకుని, దానికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోండి. చిన్న కుక్కైతే జారిపోని చాప పరిచిన టేబుల్ మీద పెట్టుకోవచ్చు. మాత్రకు కాస్త వెన్న రాస్తే జారుతుంది.

ఒక చేతిని పైనుంచి మూతి మీద వేసి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు రెండోవైపు కోరపళ్ల వెనకున్న ఖాళీలోకి వచ్చేలా పట్టుకోండి. తల మెల్లగా పైకెత్తితే కింది దవడ దానంతటదే కొంచెం తెరుచుకుంటుంది. మాత్ర పట్టుకున్న రెండో చేతి మధ్యవేలితో ముందరి చిన్న పళ్లమీద కిందికి నొక్కి నోరు తెరిచి, మాత్రను నాలుక మధ్యలో, వీలైనంత వెనక్కి, నాలుక దిబ్బలా లేచే చోటుకు అవతల వదిలేయండి. నాలుక పక్కకో ముందుకో పడితే ఉమ్మేయడం ఖాయం. వెంటనే మూతి మూసి, తలను మామూలు ఎత్తుకు దించండి. తల పైకే పట్టి ఉంచితే మింగడం దానికి కష్టం. గొంతు మీద పైనుంచి కిందకి నిమరండి, ముక్కు మీద చిన్నగా ఊదండి. నాలుకతో ముక్కు నాక్కుందంటే మింగినట్టే లెక్క.

ఆ తర్వాత సిరంజితో చెంప పక్కనుంచి ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు, దాని వెనకే దానికి బాగా ఇష్టమైన ముక్క. ఈ ముక్కను ఎప్పుడూ మానకండి, ఖాళీ కడుపు మందైతే ముక్కకు బదులు కాసేపు ఆడించడమో, నడకకు తీసుకెళ్లడమో ఉండాలి. మాత్ర తర్వాత ఏదో మంచి జరుగుతుందని దానికి నమ్మకం కుదిరితే మూడో నాలుగో రోజుకి పెనుగులాట తగ్గడం మీరే చూస్తారు.

వేళ్లు నోట్లో పెట్టడానికి భయమైతే పిల్ గన్ వాడండి. కొసన మెత్తటి రబ్బరు ఉండే ప్లాస్టిక్ గొట్టం అది, మాత్రను అందులో బిగించి నాలుక వెనక వదలొచ్చు. గొంతులోకి పొడవకుండా జాగ్రత్తపడాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం, వాటి నోరు ఎక్కువసేపు మూసి పట్టుకోవద్దు.

సిరప్ ఎలా పట్టించాలి?

సీసా బాగా కుదిపి, కొలత సరిగ్గా సిరంజిలోకి తీసుకుని, చెంపకూ పళ్లకూ మధ్య ఉన్న సంచిలాంటి చోట సిరంజి కొన పెట్టి, కొద్దికొద్దిగా, మింగడానికి సమయమిస్తూ వదలండి. తల వెనక్కి వంచొద్దు, గొంతులోకి నేరుగా చిమ్మొద్దు. అలా చేస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావొచ్చు. దగ్గు మొదలైతే ఆపేసి తల దించనివ్వండి. మెలాక్సికామ్‌తో వచ్చే కొన్ని సిరంజిల మీద మిల్లీలీటర్లు కాకుండా కుక్క బరువు కిలోల్లో ఉంటుంది, ఆ రెండూ కలగాపులగం చేసుకుంటే డోసు ఘోరంగా తప్పుతుంది. మందు వేయని రోజుల్లో ఖాళీ సిరంజికి కాస్త తడి తిండి రాసి నాకిస్తూ ఉంటే అది కనబడగానే పారిపోవడం మానేస్తుంది.

మనుషుల కోసం చేసిన సిరప్‌లను డాక్టర్‌ని అడక్కుండా వాడకండి. నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ సిరప్‌లు కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు.

గుర్రుమంటోంది, కరిచేలా ఉంది. బలవంతంగా పట్టుకోవాలా?

వద్దు. గుర్రుమనడం తప్పు కాదు, ఇక దగ్గరికి రావద్దని అది మర్యాదగా చెప్పే పద్ధతి. దానికి ముందే బిగుసుకుపోవడం, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూడటం, పెదాలు నాక్కోవడం ఉంటాయి, అక్కడే ఆగితే గుర్రు దాకా రాదు. గుర్రుమన్నందుకు అరిచినా కొట్టినా మరుసటిసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

ఆ పూటకు వదిలేసి డాక్టర్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నోటి నొప్పి, చిగుళ్ల జబ్బు, మెడ నొప్పి ఉన్న కుక్కలు నోరు ముట్టుకోనివ్వవు, దాన్ని మొండితనం అనుకోవడం అన్యాయం. మందు మార్చడానికి చాలాసార్లు దారి ఉంటుంది. రోజుకు మూడుసార్లు ఇచ్చే మాత్ర బదులు ఒకసారి ఇచ్చేది ఉండొచ్చు, ఫ్లేవర్ ఉన్న నమిలే మాత్ర ఉండొచ్చు, ఇంజెక్షన్ ఉండొచ్చు. సెఫోవెసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒక్కటి 14 రోజుల దాకా పనిచేస్తుంది, అన్ని ఇన్ఫెక్షన్లకూ అది సరిపోదనుకోండి. ఎలర్జీ దురదకు లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉపశమనం ఇస్తుంది. మందు ఇవ్వలేకపోతున్నామని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఇవ్వకుండానే ఇచ్చామని చెప్తే డాక్టర్ మందు పనిచేయట్లేదనుకుని ఇంకా బలమైనది రాస్తారు.

మందు వేసిన కాసేపటికే కక్కేసింది. మళ్లీ వేయాలా?

మీ అంతట మీరు వేయకండి. కక్కినదాంట్లో మాత్ర చెక్కుచెదరకుండా కనబడిందా, వేసి ఎంతసేపైంది అన్నవి చూసి డాక్టర్‌కి చెప్పండి. కొన్ని మందులు రెండో డోసు పడితే ప్రమాదం, కొన్నింటికి పర్వాలేదు. మందు వేసిన ప్రతిసారీ కక్కుతుంటే అది మందు దుష్ప్రభావమే కావొచ్చు. సగం కరిగిన మాత్రను ఉమ్మేసినా ఇదే పద్ధతి, ఎంత లోపలికి వెళ్లిందో తెలియనప్పుడు అడగాల్సిందే.

ఒక డోసు మరిచిపోతే?

గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి డోసు సమయం దగ్గరపడితే మాత్రం దీన్ని వదిలేసి మామూలు వేళకే ఇవ్వండి. రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. మూర్ఛ మందు, ఇన్సులిన్, గుండె మందు అయితే ఫోన్ చేసి కనుక్కోవడమే మంచిది.

హుషారుగా తిరుగుతోంది, ఇంకా రోజూ ఈ గొడవెందుకు, ఆపేయొచ్చా?

ఆ ఆలోచన ఎందుకొస్తుందో అర్థమవుతుంది, కానీ ఆపొద్దు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుల తరబడి వాడాక ఒక్కసారే మానేస్తే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని అందుకోలేక కుక్క కుప్పకూలొచ్చు, అందుకే దాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు ఆగకుండా రావొచ్చు. యాంటీబయాటిక్ ఎన్ని రోజులన్నదీ డాక్టర్ తేల్చాల్సిందే.

ఇంట్లో రెండు కుక్కలున్నాయి, ఎలా?

వాటి మధ్య ఉండే పోటీ మీకు పనికొస్తుంది. రెండో దానికి ఖాళీ ఉండలు పెడుతూ, మధ్యలో మొదటిదానికి మాత్ర ఉన్నది ఇస్తే పక్కది లాక్కుంటుందన్న తొందరలో మింగేస్తుంది. తిండి దగ్గర కొట్టుకునే కుక్కలైతే ఇది అస్సలు వద్దు. ఉమ్మేసిన మాత్ర రెండోది తినకుండా నేలమీద కన్నేసి ఉంచండి.

చెవి చుక్కలు, కంటి చుక్కలకూ ఇంతే గొడవ.

చల్లటి చుక్క పడితే ఎవరికైనా ఉలికిపాటే, వేసేముందు సీసాను అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని గోరువెచ్చగా చేయండి. చెవిలో వేశాక చెవి మొదట్లో మెల్లగా మర్దన చేసి, తర్వాత తల విదిలించుకోనివ్వండి. కంటికైతే ఎదురుగా కాకుండా వెనకనుంచి, తల పైనుంచి చేయి తెచ్చి వేస్తే సీసా దానికి కనపడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అది చివర్న.

అసలు ఈ తిప్పలు రాకుండా ముందే అలవాటు చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. జబ్బు లేని రోజుల్లో అప్పుడప్పుడూ ఖాళీ ఉండలు పెట్టండి. మూతి మీద చేయి వేసి ఒక ముక్క, పెదవి ఎత్తి ఒక ముక్క, నోరు క్షణం తెరిచి ఒక ముక్క, ఇలా ఒక్కో మెట్టు. అది తల వెనక్కి లాగితే వదిలేయండి, వదిలేస్తారన్న ధీమా ఉన్న కుక్క తనే మళ్లీ తల తెచ్చి పెడుతుంది. పిల్లప్పటినుంచే మొదలుపెడితే సులువు, అయినా ముసలి కుక్కలూ నేర్చుకుంటాయి.

మన దగ్గరున్న నొప్పి మాత్ర ఇస్తే? మందు డబ్బా మొత్తం తినేస్తే?

ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ లాంటివి సొంతంగా కుక్కకు ఇవ్వకండి, కడుపులో పుండ్లు, కిడ్నీ, కాలేయం దెబ్బతినడం దాకా వెళ్తుంది. ఇక మాత్ర ఒక్కటి మింగడానికి ఏడిపించే కుక్కే ఫ్లేవర్ మాత్రల డబ్బా దొరికితే కొరికి మొత్తం తినేస్తుంది, వాటిని తలుపున్న అల్మరాలో పైన పెట్టండి. తినేసిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, ఇంట్లో ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయొద్దు. మందు పేరు, ఎన్ని మాత్రలు తక్కువయ్యాయి, ఎంతసేపైంది, కుక్క బరువెంత, ఇవి ఫోన్‌లో చెబుతూ స్ట్రిప్ చేతబట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.